కుడితి గోలెం పోయిన తర్వాత

ఈ శీర్షిక చదివే సోదరి ఒకరు కాకినాడ నుంచి ఉత్తరం రాశారు. “మీరు ఉండేది ఫిల్మ్‌నగర్ పక్కనే గదా! ఎప్పుడూ పుస్తకాల సంగతీ, పిల్లల చదువుల సంగతీ రాస్తారు. సినిమావాళ్ళు ఎలా ఉంటారో, వాళ్ళ ఇళ్ళు ఎలా ఉంటాయో ఒక్కసారి రాయగూడదా?” అని అడిగారు. న్యాయమైన కోరికే. కాని ఏం చెప్పను? పదహారేళ్ళుగా ఈ చుట్టుపక్కలే కాపురమున్నా ఆ గేట్లు దాటి నేనెన్నడూ లోపలికి వెళ్ళలేదు. లోపలికి పోయేవేమిటో నాకు తెలియదు గాని, రోజూ పొద్దున్నే ఆ గేట్లలోంచి బయటికి వచ్చేదేమిటో మాత్రం చూస్తూనే ఉన్నాను. మూతి ముడివేసిన నల్ల సంచులు! మా అపార్ట్‌మెంటు నుంచీ అవే, వెనక బస్తీలోంచీ అవే. కారులో తిరిగే తార అయినా, బస్సులో తిరిగే తెలుగు లెక్చరరయినా ఆ సంచి దగ్గర అందరం సమానులమే. ఈ వారం ఆ సంచి గురించే రాస్తాను. అందులో తారల విశేషాలు లేకపోయినా మనందరి విశేషాలూ ఉన్నాయి.

చెత్త అనగానే ముక్కు మూసుకోకండి. తెనాలి దగ్గర మా అమ్మమ్మగారి ఊళ్ళో, నా చిన్నతనంలో, ఆ మాటకు ఇంత పని ఉండేది కాదు. పెరట్లో బావి పక్కన కుడితి గోలెం ఒకటి ఉండేది. బియ్యం కడిగిన నీళ్ళు, వార్చిన గంజి, కూర తొక్కలు, పిల్లలు వదిలేసిన మెతుకులు అన్నీ అందులోకే. దానికి రెండు గుప్పిళ్ళు తౌడు చేరిస్తే గేదె ఆవురావురుమని తాగేది. గేదె వెయ్యగా మిగిలింది పేడ. కొంత పిడకలకు, కొంత అలుకుడుకు, తక్కినది దిబ్బ మీదికి. ఆకులూ ఊడ్పులూ కూడా ఆ దిబ్బ మీదికే. తొలకరికి ముందు బండి కట్టి ఆ దిబ్బను చేలోకి తోలేవారు. పొయ్యిలోని బూడిద అంట్లకు, కొబ్బరి పీచు తోముడుకు. తాతయ్యగారి పంచె చిరిగితే తుండుగుడ్డ, తుండు చిరిగితే మసిగుడ్డ. చీరలు పాతబడితే బొంత. కిరాణా కొట్టునుంచి పొట్లం వస్తే కాగితం పొయ్యి రాజేయడానికి, దారం ఉండకు. గోలీసోడా సీసా తాగినచోటే ఇచ్చేయాలి. ఇంత అయ్యాక ఇంకా మిగిలిన విరిగిన బుట్టలూ చిరిగిన చాపలూ భోగిమంటలోకి వెళ్ళేవి. నిజంగా పారెయ్యడానికి మిగిలేవి పగిలిన గాజులూ, పెంకులూ అంతే.

ఇదంతా ఎవరూ నేర్పిన శాస్త్రం కాదు. కొంత పొదుపు, చాలావరకు లేమి. ఆ రోజులన్నీ బంగారమని కూడా నేననను. దొడ్డి శుభ్రం చేసే మనిషిని గడప అవతల నిలబెట్టి, అంత ఎత్తునుంచి చేతిలో అన్నం వేసిన రోజులు కూడా అవే. మనిషి మలాన్ని మనిషిచేత ఎత్తించే ఆ పనిని నిషేధించడానికి మన దేశంలో 1993లో ఒక చట్టం, అది చాలక 2013లో మరొక చట్టం రావలసి వచ్చింది. కనుక పాతకాలాన్ని పొగడడానికి గోలెం సంగతి ఎత్తలేదు. తడిది తడిగా, పొడిది పొడిగా ఉన్నంతకాలం ప్రతి వస్తువుకూ ఇంకొక ఉపయోగం ఉంటుందని మన ముసలమ్మలకు తెలుసు. అది చెప్పడానికే ఎత్తాను.

ఇప్పుడు మనం మూడో అంతస్తులో ఉన్నాం. గేదె లేదు, దిబ్బ లేదు. గోలెం పోయిన చోట ఒక నల్ల సంచి వచ్చి కూర్చుంది. రాత్రి మిగిలిన సాంబారన్నం, పాల పాకెట్టు, పిల్లవాడి పెన్సిలు చెక్కుళ్ళు, అయ్యగారి గడ్డం బ్లేడు, కాలం దాటిన మాత్రలు, పగిలిన కప్పు, పసిపిల్ల డైపరు అన్నీ దాంట్లోనే. విడివిడిగా ఉంటే వీటిలో సగానికి సగం పనికొచ్చే వస్తువులు. ఒక్క రాత్రి కలిసి ఉంటే చాలు, అన్నీ కలిసి చెత్త అవుతాయి.

ఈ సంచి ఎక్కడికి పోతుందో చాలామందికి తెలియదు. గేటు దాటితే చాలు, మనది కాదనుకుంటాం. మా జూబిలీ హిల్స్ సంచి చేసే ప్రయాణం చెబుతాను, వినండి.

ఈ కొండలు ఒకప్పుడు ఉత్త బండలు. 1960లలో సహకార సంఘం పెట్టి ఇళ్ళస్థలాలు చేశారు. 1976లో అక్కినేని నాగేశ్వరరావుగారు ఈ బండల మధ్యే అన్నపూర్ణ స్టూడియో కట్టారు. తర్వాత రామానాయుడుగారి స్టూడియో వచ్చింది. మద్రాసు నుంచి పరిశ్రమ ఒక్కొక్క కుటుంబంగా ఇక్కడికి చేరింది. పెద్ద ఇళ్ళు లేస్తుంటే, వాటిని కట్టినవాళ్ళూ, ఊడ్చేవాళ్ళూ, సెట్టు మీద మేకులు కొట్టేవాళ్ళూ వాటి వెనకనే ఫిల్మ్‌నగర్ బస్తీలలో గదులు వేసుకున్నారు. పాలమూరు నుంచి వచ్చినవారున్నారు, నల్లగొండ నుంచి వచ్చినవారున్నారు, శ్రీకాకుళం నుంచి వచ్చినవారున్నారు. ఇక్కడ పెద్ద ఇంటికీ బస్తీకీ మధ్య దూరం చాలాచోట్ల ఒక గోడ మాత్రమే.

పొద్దున్నే మన సంచిని ఎత్తుకుపోయేది చిన్న ఆటో. అది యూసుఫ్‌గూడలోని మార్పిడి కేంద్రానికి చేరుతుంది. అక్కడ చెత్తను కుదించి పెద్ద లారీల్లోకి ఎక్కిస్తారు. ఆ లారీలు నగరం ఈ కొసనుంచి ఆ కొసకు పోయి, పాతిక ముప్ఫయి కిలోమీటర్ల అవతల జవహర్‌నగర్‌లో దింపుతాయి. అక్కడ ఈ శతాబ్దం మొదట్లో పోయడం మొదలుపెట్టిన చెత్త కొండలా పెరిగింది. అన్నం, కూరలు ప్లాస్టిక్‌తో కలిసి గాలి ఆడకుండా కుళ్ళితే మీథేన్ వాయువు పుడుతుంది. అది మండుతుంది. అడుగునుంచి నల్లని రసం ఊరుతుంది. ఆ రసం దిగి పక్కనున్న మల్కారం చెరువు చెడిపోయింది. చుట్టుపక్కల దమ్మాయిగూడ, నాగారంవాసులు వాసనతో వేగలేక ఏళ్ళ తరబడి ఆందోళన చేశారు. తర్వాత ఆ పాత కొండను మట్టితో, పొరలతో కప్పారు. 2020 నవంబరులో అక్కడే చెత్తను కాల్చి 19.8 మెగావాట్ల విద్యుత్తు తీసే కర్మాగారం ప్రారంభించారు. మంచిదే. కాని పొయ్యిలో పచ్చికట్టె పెట్టి ఊదిన ఏ ఇల్లాలికయినా తెలుసు, తడిసింది సరిగా మండదని. మన సాంబారన్నం అక్కడికి పోయి అదే పని చేస్తుంది.

నగరపాలకులకు ఈ సంగతి తెలియక కాదు. 2015లో జి.హెచ్.ఎం.సి. వారు ఇంటికి రెండేసి బుట్టల లెక్కన 22 లక్షల ఇళ్ళకు 44 లక్షల బుట్టలు పంచడానికి పూనుకున్నారు. ఆకుపచ్చది తడి చెత్తకు, నీలంది పొడి చెత్తకు. 2016లో కేంద్ర ప్రభుత్వం దేశమంతటికీ నియమాలు చేసి, తడి, పొడి, హాని చేసేవి అని మూడుగా విడదీసి ఇవ్వవలసిన బాధ్యత ఇంటివారిదేనని స్పష్టంగా రాసింది. మరి ఆ బుట్టలు ఏమయ్యాయని అడుగుతారా? మా అంతస్తులో ఒక నీలం బుట్టలో నీళ్ళు పట్టి ఉంచారు. ఒక ఆకుపచ్చ బుట్టలో ఉల్లిపాయలున్నాయి. ఒకరింట్లో రెండింటికీ అడుగున చిల్లులు పొడిచి, ఒకదాంట్లో తులసి, ఒకదాంట్లో మందారం వేశారు. మొక్కలు బాగానే పెరిగాయి సుమండీ! చెత్త మాత్రం యథాప్రకారం సంచిలోనే.

ఇక ఆటో సంగతి. అది కార్పొరేషన్‌దనీ, నడిపేవాడు ప్రభుత్వోద్యోగి అనీ చాలామంది అనుకుంటారు. 2015 చివర్లో ఈ స్వచ్ఛ ఆటోలు ప్రవేశపెట్టినప్పుడు చేసిన ఏర్పాటు అది కాదు. బ్యాంకు అప్పుతో ఆటో ఇస్తారు. డ్రైవరే యజమాని. వాయిదాలు అతనివి. జీతం లేదు. ఇంటింటా నెలకు రుసుము (అప్పట్లో 50 రూపాయలు) వసూలు చేసుకోవాలి, చెత్తలో దొరికిన సీసాలూ, అట్టలూ, ప్లాస్టిక్కూ ఏరి అమ్ముకోవాలి. ఈ రెండే అతని ఆదాయం. కనుక ఆటో వెనకభాగంలో నిలబడి సంచులు విప్పే మనిషి సాధారణంగా అతని భార్యే. ఇద్దరూ పనిచేస్తేనే ఒక సంసారం గడుస్తుంది. మనం ముడివేసి ఇచ్చిన సంచిని ఆమె విప్పుతుంది. రాత్రి ఎనిమిది గంటలకు మన వంటింట్లో రెండు క్షణాల్లో అయిపోయే పనిని, మర్నాడు ఎండలో, ఉత్త చేతులతో, నలభై ఇళ్ళ కుళ్ళులోంచి ఆమె చేస్తుంది.

మా వీధికి వచ్చే ఆమెది పాలమూరు. పోయిన వేసవిలో ఒకనాడు చేతికి చీరపేలిక చుట్టుకుని కనిపించింది. ఏమయిందని అడిగాను.

“గాజుపెంకు దిగింది మేడం. ట్యూబులైటు పలగ్గొట్టి అన్నంల ఏసిన్రు. కనవడలే.”

“ఎవరింట్లోది?”

“ఎవరిదైతేంది మేడం? సంచి ముడి ఇప్పితేనే గదా తెల్సేది.”

తర్వాత కొన్నాళ్ళు ఆమె రాలేదు. ఆమెకు బదులు పదహారేళ్ళ అమ్మాయి ఆటో వెనక నిలబడి వచ్చింది. ముఖానికి చున్నీ చుట్టుకుంది. సంచి అందుకునే తీరు చూస్తే కొత్త అని తెలుస్తూనే ఉంది. నేను లెక్చరర్నని వాళ్ళమ్మ చెప్పిందో ఏమో, నన్ను చూసి తల వంచుకుంది.

“ఏమ్మా, చదువుకుంటున్నావా?” అన్నాను.

“ఇంటర్ సెకండియర్ మేడం. బైపీసీ.”

“మరి కాలేజీ?”

“అమ్మ చెయ్యి వాసింది, కుట్లు పడ్డయి. నాయిన ఒక్కడే అయితే ఏరుడు కాదు. ప్రాక్టికల్స్ ఉన్నరోజు పోతున్న మేడం.”

ఇరవై రెండేళ్ళుగా పాఠాలు చెబుతున్నాను. హాజరు పట్టీలో గైర్హాజరు గుర్తు వేసేటప్పుడు, పిల్ల సినిమాకు పోయిందేమో, జ్వరమేమో అనుకుంటాను. ఎవరో తెలియని ఇంట్లో పగిలిన ట్యూబులైటు ఒక ఆడపిల్లను మూడు వారాలు తరగతికి రానివ్వకుండా చేస్తుందని అంతవరకూ నేను ఊహించలేదు. ఆ ట్యూబులైటు ఎవరిదో ఎప్పటికీ తెలియదు. సంచి నల్లనిది గదా!

ఆ నెలాఖరున మా అపార్ట్‌మెంటు సంఘం సమావేశంలో ఈ విషయం ఎత్తాను. రెండు కోరాను. ఒకటి, తడి పొడి వేరుచేసి ఇద్దాం. రెండు, ఇంటికి 50 ఇస్తున్నది 100 చేద్దాం. మొదటిదానికి అందరూ తలలూపారు. రెండోదాని దగ్గర చర్చ రాజుకుంది.

“అదేమిటండీ మేడమ్‌గారూ, ఇంటిపన్ను కడుతున్నాం గదా, మళ్ళీ వీళ్ళకెందుకు?” అన్నారు రిటైరయిన బ్యాంకు ఆఫీసరుగారు. తీసిపారేయదగిన ప్రశ్న కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2021 అక్టోబరులో ఇంటింటా చెత్త సేకరణకు రుసుము పెడితే, జనం దానికి ‘చెత్త పన్ను’ అని పేరుపెట్టి నిరసించారు. 2024లో వచ్చిన కొత్త ప్రభుత్వం దాన్ని తీసేసింది. కాని ఆయనకు నేనిచ్చిన సమాధానం ఇది: “ఈ ఏర్పాటు న్యాయమా కాదా అని కార్పొరేషన్‌తో పోట్లాడదాం, మీరు కాగితం రాయండి, మొదటి సంతకం నాది. కాని ఆ తగవు తేలేదాకా ఆమె పిల్లలు తినాలి గదండీ! నెలకు వంద అంటే మన పక్క వీధిలో తీసే సినిమాకు ఒక్క టిక్కెట్టు కూడా రాదు.” ఆయన నవ్వారు. సంతకం పెట్టారు. నలుగురు మాత్రం ఇప్పటికీ 50 రూపాయలే ఇస్తున్నారు. పేర్లు రాయను, వాళ్ళూ ఈ పత్రిక చదువుతారు.

ఇంతలో మరొకరు అసలైన ఆక్షేపణ తెచ్చారు. “మనం ఎంత విడదీసి ఇచ్చినా వాళ్ళు ఆటోలో కలిపేస్తున్నారండీ. నేను కళ్ళారా చూశాను. మరి మనం పడే శ్రమ ఎందుకు?” ఈ మాట మీ ఊళ్ళోనూ వినే ఉంటారు. నేనూ చూశాను, నిజమే. కాని ఎందుకు కలుపుతున్నారో కూడా చూశాను. నలభై ఇళ్ళలో మూడిళ్ళు వేరుచేసి, ముప్ఫయి ఏడు ఇళ్ళు కలిపి ఇస్తే, ఆ మూడింటి కోసం ఆటోలో వేరే చోటు పెట్టడం ఎవరి తరం? సగానికి పైగా ఇళ్ళు వేరుచేయగానే మా వీధి ఆటోకు రెండు పక్కలా రెండు పెద్ద గోతాలు వేలాడాయి. ఎవరూ చెప్పలేదు. శుభ్రమైన అట్టకూ, పొడి ప్లాస్టిక్‌కూ పాత సామాన్ల కొట్లో వచ్చే ధర వేరు, కూర పులుసు అంటిన దానికి వచ్చే ధర వేరు. లాభం కనిపించాక ఆమెకు మన ఉపన్యాసంతో పనిలేదు. ఇక తడి చెత్తను ఎరువు చేసే ఏర్పాటు, దాన్ని దాచే చోటు, వేరుగా పోయే బండి చూడవలసింది పాలకులు. వారి వంతు వారిని అడగాలంటే మన వంతు మనం చేసి ఉండాలి.

ఇది అయ్యే పనేనా అనేవారికి సూర్యాపేట కథ చెప్పాలి. నల్లగొండ జిల్లాలో ఉన్నప్పటి మాట. సుమారు లక్ష జనాభా గల పట్టణం. 2003లో కమిషనరుగా వచ్చిన ఖాదర్ సాహెబ్‌గారు ఇంటింటా రెండు బుట్టల పద్ధతి పెట్టి, వీధుల్లోని చెత్తకుండీలనే తీయించారు. తడి చెత్తతో వానపాముల ఎరువు చేయించి అమ్మించారు, పొడిది వేరుచేసి అమ్మించారు. పెద్ద యంత్రాలు లేవు, విదేశీ నిపుణులు లేరు. దేశంలోని ఇతర పట్టణాలవారు వచ్చి చూసిపోయారు. ఇండోర్ మహానగరం సంగతి మీకు తెలిసిందే. 2017 నుంచి ఏటేటా పరిశుభ్ర నగరాలలో మొదటిదని పేరుతెచ్చుకుంటూ వచ్చింది. అక్కడ బండిలోనే చెత్తకు ఆరు అరలు. తడి చెత్తనుంచి వాయువు తీసే రోజుకు 550 టన్నుల కర్మాగారం 2022 ఫిబ్రవరిలో ప్రారంభమయింది. ఆ వాయువుతో సిటీ బస్సులు నడుపుతున్నారు. జపానులో కమికత్సు అనే చిన్న ఊరివారు తమ చెత్తను నలభైకి పైగా రకాలుగా విడదీస్తారు. మనకు అన్ని అక్కర్లేదు.

ఫిల్మ్‌నగర్ వారి పేరు ఎత్తాను గనుక వారినుంచి నేర్చుకోదగినదీ, నేర్చుకోరానిదీ ఒక్కొక్కటి చెబుతాను. సెట్టు వేసే వడ్రంగి చెక్కను పారేయడు. ఇవాళ రాజమహలు తలుపయిన చెక్క వచ్చే నెల రైల్వేస్టేషను బల్ల అవుతుంది. మేకు వంగితే సుత్తితో సాపుచేసి డబ్బాలో వేసుకుంటాడు. మన ముసలమ్మల విద్య అతని చేతిలో ఇంకా బతికే ఉంది. పాపం, థర్మోకోల్ దగ్గరే అతని విద్య పనిచేయదు. ఒకసారి విరిగితే అది గాలికి ఎగిరి పక్క నాలాలో తేలుతుంది.

నేర్చుకోరానిది మరొకటి. పాత నలుపు తెలుపు సినిమా రీళ్ళలో వెండి ఉంటుంది. ఆడడం అయిపోయిన ప్రింట్లను, ఒక్కొక్కప్పుడు అసలు నెగటివులను కూడా, ఆ వెండి కోసం పాత సామాన్లవాళ్ళకు అమ్మేశారు. దేశంలో మూకీల కాలంలో తీసిన వెయ్యికి పైగా చిత్రాలలో మిగిలినవి కొద్ది మాత్రమే. మన తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ 1932లో విడుదలయింది, హెచ్.ఎం.రెడ్డిగారు తీశారు. ఇవాళ దాని ప్రింటు చూద్దామంటే లేదు. 1964లో పూనాలో ఫిల్మ్ ఆర్కైవు వెలిశాక, పి.కె.నాయర్‌గారు ఊరూరా తిరిగి గోదాముల్లోంచీ, పాత సామాన్ల మధ్యనుంచీ రీళ్ళు ఏరి తెచ్చారు. ఇంకొకరు ‘చెత్త’ అని వదిలించుకున్నదాన్ని ఆయన కళ్ళు చూసి దాచబట్టి ఎన్నో చిత్రాలు దక్కాయి. మీ ఇంట్లో అటక దులిపేటప్పుడు కూడా ఈ సంగతి గుర్తుంచుకోండి. తాతగారి ఉత్తరాలూ, పాత పత్రికల బైండ్లూ కిలోల లెక్కన తూచేముందు ఒక్కసారి తిరగేయండి.

ఇక పని. చాలా సుళువు. వంటింట్లో మూతగల చిన్న బకెట్టు ఒకటి పెట్టండి. తొక్కలు, మెతుకులు, కాఫీపిప్పి, దేవుడి పూలు, గుడ్డు పెంకులు దాంట్లో. అడుగున పాత పేపరు పరిస్తే చాలు, ప్లాస్టిక్ సంచి వద్దు. పొడివాటికి ఒక గోనెసంచి వంటింటి తలుపు వెనక తగిలించండి. రోజూ ఇవ్వనక్కర్లేదు, వారానికి ఒకసారి ఇచ్చినా వాసన రాదు. పాల పాకెట్టు కత్తిరించేటప్పుడు మూల ముక్కను పూర్తిగా తెంచకండి, వేలాడేటట్టు వదలండి. ఆ చిన్న ముక్క ఏరడానికి ఎవరికీ దొరకదు, కాలవలో మాత్రం దొరుకుతుంది. బియ్యం కడిగిన నీళ్ళతోనే పాకెట్టును తొలిచి ఆరేయండి. శానిటరీ ప్యాడ్లు, డైపర్లు పాత పేపరులో చుట్టి, పైన ఎర్ర సిరాతో గుర్తుపెట్టి విడిగా ఇవ్వండి. అందుకునే చేతికి అదేమిటో విప్పకుండానే తెలియాలి. బ్యాటరీలు, కాలం దాటిన మందులు, ఇంజెక్షను సూదులు ఒక డబ్బాలో. ట్యూబులైటు పోతే పగలగొట్టకండి, అందులో పాదరసం ఉంటుంది, కొన్న అట్టగొట్టంలోనే పెట్టి చేతికివ్వండి. పగిలిన గాజు, బ్లేడ్లు నాలుగు మడతల పేపరులో చుట్టి, దారం కట్టి, ‘గాజు’ అని పెద్దక్షరాలతో రాయండి. చదువు రానివారికి నోటితో చెప్పండి.

బాల్కనీలో కాస్త ఎండ తగిలే చోటు ఉన్నవారు ఇంకొక అడుగు వేయవచ్చు. పెద్ద మట్టికుండకు పక్కల చిల్లులు పెట్టించండి. అడుగున కొబ్బరిపీచు, పైన తొక్కలు, వాటిమీద ఎండాకులో మట్టో ఒక పొర, ఇలా రోజూ వేస్తూ రండి. తడి ఎక్కువైతే ఎండాకులు, పొడి ఎక్కువైతే కాసిని నీళ్ళు. వారానికి ఒకసారి రెండు గరిటెల పుల్ల మజ్జిగ పోసి కర్రతో కలపండి. కుండ నిండాక రెండు నెలలకు నల్లని మట్టి తయారవుతుంది. వాన కురిసిన మట్టి వాసన వస్తుంది గాని కుళ్ళు వాసన రాదు. మా కరివేపాకు మొక్క దానితోనే ఏపుగా ఉంది.

మరొక మాట. ఇది ఆడవాళ్ళ పని అని మగవారు పేపరు మడిచి పక్కన పెట్టకండి. గడ్డం బ్లేడు మీది, పోయిన ట్యూబులైటు మార్చేది మీరు, హోటలునుంచి ప్లాస్టిక్ డబ్బాల్లో కూరలు తెప్పించేదీ చాలాసార్లు మీరే. పిల్లలకు అప్పజెప్పండి, వారం తిరక్కుండా మిమ్మల్నే తప్పుపట్టే స్థితికి వస్తారు. మా కాలేజీలో ఈ ఏడు ప్రతి తరగతి గది బయటా రెండు బుట్టలు పెట్టాం. మొదటి నెల పిల్లలు నవ్వారు. ఇప్పుడు నీలం బుట్టలో అరటితొక్క వేసిన లెక్చరరును నిలదీస్తున్నారు.

ఆ పాలమూరు అమ్మాయి పరీక్షలు రాసింది, పాసయింది. వాళ్ళమ్మ చేతి గాయం మానింది గాని చిటికెనవేలు సరిగా ముడుచుకోదు. ఆ చేత్తోనే ఇప్పటికీ మా సంచులు అందుకుంటుంది. సంఘం తరఫున తోలు చేతితొడుగులు రెండు జతలు కొనిచ్చాం. ఎండలో చేతులు ఉడికిపోతున్నాయని ఒక్కొక్కరోజు తీసేస్తుంది. తొడుగు ఉన్నా లేకపోయినా ఆమె చేతికి దెబ్బ తగలకుండా చూడవలసింది సంచి కట్టేవాళ్ళమే. మీ ఊళ్ళో చెత్త తీసుకుపోయే మనిషి ఎవరు, నెలకు మీరేమిస్తున్నారు, వేరుచేసి ఇస్తున్నారా, ఇస్తే అది ఎక్కడికి పోతున్నది? ఈ నాలుగూ కనుక్కుని నాకు రాయండి. బాగా జరుగుతున్న ఊళ్ళ సంగతులు ఇక్కడ తప్పకుండా చెబుతాను.